నరం చిట్లిన పక్షవాతం: నాన్న మళ్ళీ లేస్తారా?

ప్రశ్న: మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం. నాన్నకి 62 ఏళ్ళు. ఒంట్లో బాగానే ఉందని బీపీ మాత్రలు ఆరు నెలల కిందట మానేశారు. 18 రోజుల కిందట తెల్లవారుజామున పెరట్లో నీళ్ళు తోడుతూ పడిపోయారు. శ్రీకాకుళం తీసుకెళ్తే అక్కడ బీపీ 210/120 ఉంది. సీటీ తీసి మెదడులో ఎడమవైపు, బాగా లోపల నరం చిట్లిందని, 28 ఎమ్మెల్ రక్తం ఉందని, కొంచెం మెదడు లోపల నీరుండే గదుల్లోకి దిగిందని చెప్పారు. కాగితంలో జీసీఎస్, అంటే స్పృహకిచ్చే మార్కులు, 15కి 11 అని రాసుంది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఇప్పుడు ఇంటికి తెచ్చాం. ముక్కులో పైపు ఉంది, కుడి కాలూ చెయ్యీ కదలవు, మాట లేదు, పిలిస్తే చూస్తారు. డాక్టర్‌ని గట్టిగా అడిగితే ఫిఫ్టీ ఫిఫ్టీ అన్నారు. బంధువులేమో ఇంక ఆశ వదులుకోమంటున్నారు, ఒకరు పావురం రక్తంతో మర్దన చేయమన్నారు. నాన్న బతుకుతారా, బతికితే ఎలా ఉంటారు?

జవాబు: ముందు ఒక మాట చెప్పాలి. మీ నాన్నగారు అన్నిటికన్నా గండమైన రోజులు దాటేశారు. ఈ రకం పక్షవాతం వచ్చినవాళ్ళలో నూటికి దాదాపు 40 మంది మొదటి నెలలోనే పోతారు, అందులోనూ ఎక్కువమంది మొదటి రెండు మూడు రోజుల్లోనే. ఆయన 18 రోజులు నిలబడి ఇంటికొచ్చారు. కాబట్టి ఆసుపత్రిలో చెప్పిన ఫిఫ్టీ ఫిఫ్టీని ఈ రోజుకి పట్టుకుని కూర్చోకండి.

ఇలాంటి అంచనాలు ఎక్కడి నుంచి వస్తాయో చెబుతాను. 2001లో అమెరికాలో 152 మంది పేషెంట్లను చూసి కట్టిన ఐసీహెచ్ (మెదడులో రక్తస్రావం) స్కోర్ అని ఒకటుంది. స్పృహ ఎంత ఉంది, రక్తం 30 ఎమ్మెల్ దాటిందా, గదుల్లోకి దిగిందా, చిట్లింది మెదడు అడుగుభాగంలోనా, వయసు 80 దాటిందా అని చూసి మార్కులు వేస్తారు, ఎక్కువ వస్తే ముప్పు ఎక్కువ. మీరు రాసిన వివరాలతో నేను లెక్కేస్తే మీ నాన్నగారికి 2 వచ్చింది, స్పృహ తగ్గినందుకు ఒకటి, గదుల్లోకి దిగినందుకు ఒకటి. 2 వచ్చినవాళ్ళలో అప్పట్లో నెలలోపు పోయినవాళ్ళు నూటికి 26 మంది, అంటే నలుగురిలో ముగ్గురు బతికారు. ఇందులో ఇంకో సంగతుంది. ఎడమవైపు చిట్లితే మాట పోతుంది, మాట లేకపోతే జీసీఎస్‌లో మాటకిచ్చే మార్కులు తగ్గిపోతాయి, మనిషికి నిజంగా ఉన్న స్పృహ కన్నా ఆ 11 తక్కువగా కనిపిస్తోందేమో అని నా అనుమానం.

బతకడం వేరు, తన పని తాను చేసుకోవడం వేరు. దానికి ఫంక్ స్కోర్ అని ఇంకో లెక్క ఉంది, మూడు నెలలకి ఎవరి సాయమూ లేకుండా ఉండగలరా అన్నది అంచనా వేస్తుంది. ఇంతకుముందు మతిమరుపు జబ్బు లేదనుకుంటే మీ నాన్నగారికి 11కి 10 వస్తాయి, మంచి మార్కులే. అయితే చెయ్యి పూర్తిగా పడిపోయిందా, మాట పోయిందా అన్నది ఈ లెక్క అడగదు. పక్క మీద ఒత్తిగించడానికి ఇంట్లో మనిషి ఉన్నారా అని కూడా అడగదు. అందుకే ఏ స్కోర్ అయినా వందమంది గుంపు గురించి చెప్పగలదు గానీ మీ మంచం మీద ఉన్న మనిషి గురించి తేల్చి చెప్పలేదు.

తొందరపడి తేల్చేయడంలో ప్రమాదం కూడా ఉంది. ఈయన బతకరు అని డాక్టరో బంధువులో అనేసుకుంటే వైద్యం తగ్గుతుంది, వైద్యం తగ్గితే మనిషి పోతారు, చూశారా మేం ముందే చెప్పాం అంటారు. పాత లెక్కల్లో అలా పోయినవాళ్ళూ కలిసే ఉన్నారు. అందుకే 2022 అమెరికా మార్గదర్శకాలు కనీసం రెండో రోజు పూర్తిగా గడిచేదాకా పూర్తి వైద్యం ఆపొద్దన్నాయి. మన దగ్గర వైద్యం ఆపమని ఎవరూ కాగితం మీద రాయరు, డబ్బులు అయిపోయి, చుట్టాల మాటలు విని అంబులెన్సులో ఇంటికి తీసుకుపోతారు. పర్లాకిమిడి వైపు నుంచి వచ్చే కుటుంబాల్లో ఇది ఎన్నిసార్లు చూశానో, చూసిన ప్రతిసారీ మనసు పాడవుతుంది.

ఈ జబ్బు నరంలో రక్తపు గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతంలా నడవదు. అక్కడ రక్తం అందక కొంత మెదడు చచ్చిపోతుంది. ఇక్కడ చిట్లిన రక్తం పక్క భాగాన్ని నొక్కి పట్టి ఉంచుతుంది, చుట్టూ వాపు రెండు మూడు వారాలదాకా ఉంటుంది, ఆ రక్తం కరగడానికి వారాలు పడుతుంది. కాబట్టి ఇప్పుడు కనిపిస్తున్న నష్టమంతా శాశ్వతం కాదు. పెద్ద రక్తస్రావం అయిన పేషెంట్లను ఏడాదిపాటు చూసిన రెండు పెద్ద ట్రయల్స్‌లో, నెల రోజులప్పటికి మంచానికో మనిషి సాయానికో పరిమితమైనవాళ్ళలో నూటికి 40 మందికి పైగా ఏడాదికల్లా సాయం లేకుండా నడిచే స్థితికి వచ్చారు. అదే గుంపులో ఏడాదిలోపు పోయినవాళ్ళూ ఉన్నారు, దాచను.

కాశీనగర్ నుంచి ఇదే జబ్బుతో ఒకావిడ వచ్చింది, చుట్ట అడ్డపొగ తాగే అలవాటు, బీపీ ఉందని తెలియనే తెలియదు. నెల తర్వాత చూపించడానికి తెచ్చినప్పుడు తల కూడా నిలిపేది కాదు. ఎనిమిదో నెలలో చేతికర్ర పట్టుకుని తనే లోపలికి నడిచొచ్చి, కుడి చెయ్యి ఇంకా ముడుచుకుపోయి ఉంటే ఎడమ చేత్తో చీర కొంగు ముడి విప్పి మందుల చీటీ తీసి నా బల్ల మీద పెట్టింది. ఆ కుడి చెయ్యి ఇప్పటికీ రాలేదు. కాలు ముందు రావడం, చెయ్యి వెనకపడటం ఈ జబ్బులో మామూలే.

మీ నాన్నగారిలో మీరు చూడాల్సింది ఆనుకోకుండా కూర్చోగలుగుతున్నారా అని. అర నిమిషం కూర్చోగలిగితే నడక మీద ఆశ బాగా పెరుగుతుంది. చేతివేళ్ళు కొంచెమైనా చాచగలిగితే చెయ్యి మీద ఆశ.

మాట గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ ఊళ్ళో దీనికి ఒక మెలిక ఉంది. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడినవాళ్ళకి రెండు భాషలూ ఒకేసారి ఒకే తీరుగా తిరిగిరావాలని లేదు. ఒక్కోసారి రోజూ ఎక్కువ వాడిన భాష ముందు వస్తుంది, ఒక్కోసారి చిన్నప్పటిది. ఒడియాలో ఒక మాట అంటే సంతోషించండి, తెలుగులోనే చెప్పు నాన్నా అని ఆపకండి. ఒకటి రెండు మూడు అంకెలు, వారాల పేర్లు, ఆయన రోజూ చదివే దేవుడి పద్యం ఇవి మామూలు మాటకన్నా ముందు వస్తుంటాయి, మీరు మొదలుపెట్టి వదిలేస్తే ఆయన అందుకుంటారేమో చూడండి. చిన్న ప్రశ్న ఒకటి అడిగి, జవాబు కోసం ఓపిగ్గా ఆగండి. నలుగురూ ఒకేసారి మాట్లాడకండి. మాట ఏడాది దాటాక కూడా మెరుగవుతుంది.

ఇక ఇప్పుడు ప్రాణం తీసేది తలలో రక్తం కన్నా ఊపిరితిత్తుల్లోకి దిగే తిండి. మింగుడు సరిగా ఉందో లేదో డాక్టర్ పరీక్ష చేయకుండా, బతిమాలి నోట్లో జావ పోయకండి. పైపులో పోసేటప్పుడు తల, ఛాతీ ఎత్తి ఉంచి, పోశాక అరగంట అలాగే ఉంచండి. రెండు గంటలకోసారి ఒత్తిగించండి, మడమలు, నడుము కింది ఎముక దగ్గర చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడండి. లేపేటప్పుడు కుడి చెయ్యి పట్టి లాగకండి, భుజం జారుతుంది. పావురం రక్తం వద్దు, దానివల్ల ఏ ఉపయోగం లేదు.

ఎకోస్ప్రిన్ గురించి కూడా. పక్కింట్లో ఎవరికో పక్షవాతం వస్తే అది ఇచ్చారని మీరు మొదలుపెట్టకండి. అది రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్ర, గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతానికి వాడతారు. మీ నాన్నగారికి నరం చిట్లింది, ఆ మాత్ర అవసరమా కాదా మీ డాక్టరే తేల్చాలి.

ముందుముందు ఎన్నేళ్ళు అన్నది చాలావరకు బీపీ మీదే ఆధారపడుతుంది. బీపీ మాత్రలు సరిగా వాడితే మళ్ళీ చిట్లే ముప్పు దాదాపు సగానికి తగ్గుతుందని పెద్ద ట్రయల్‌లో తేలింది. 130/80 లోపు ఉండాలి. ఒక డిజిటల్ మిషన్ కొనుక్కుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి నోటుబుక్కులో రాయండి. ఒంట్లో బాగుంది కదా అని మాత్ర మళ్ళీ మానడానికి లేదు, ఇది జన్మంతా వాడాల్సిన మందు. ఎండుచేప, ఆవకాయ తగ్గించండి, పైపు తీశాక చద్దన్నంలో ఉప్పు కలపకండి.

ఏడుస్తూనే ఉన్నా, ఎవరినీ చూడకుండా గోడవైపు తిరిగి పడుకున్నా మొండితనం అనుకోకండి, పక్షవాతం తర్వాత డిప్రెషన్ చాలామందికి వస్తుంది, మందులున్నాయి. అది తగ్గితేనే ఫిజియో సరిగా చేయించుకుంటారు.

జ్వరం, ఆయాసం, ఫిట్స్, ఒక కాలు మాత్రమే వాచడం, ఉన్నట్టుండి మగతగా అయిపోవడం, ఇందులో ఏది కనిపించినా రేపు చూద్దాం అనుకోకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఏమీ లేకపోతే ఆరో వారంలో డిశ్చార్జి కాగితం, సీటీ ఫిల్మ్, బీపీ నోటుబుక్కు మూడూ పట్టుకుని న్యూరాలజీ డాక్టర్‌కి చూపించండి, ఆ రోజు ఆయన ఆనుకోకుండా ఎంతసేపు కూర్చున్నారో కూడా గుర్తుపెట్టుకుని చెప్పండి.