కొన్న సినిమా ప్రొజెక్టర్‌లో నల్లగా వస్తోందా? కేబుల్ మార్చకండి

డబ్బు కట్టి కొన్న సినిమా ల్యాప్‌టాప్‌లో బాగానే ఆడుతోంది, ప్రొజెక్టర్‌కి కలిపితే మాటలు వస్తున్నాయి గానీ బొమ్మ రావట్లేదు, మంచి హెచ్‌డీఎంఐ కేబుల్ కొనాలా అని అడిగారు. వద్దండీ, డబ్బు దండగ.

నాకూ అచ్చం ఇదే జరిగింది. దసరా సెలవులకు మేనల్లుళ్లు దిగితే డాబా మీద తెల్ల దుప్పటి కట్టి, పాత ప్రొజెక్టర్ పెట్టి, ఒక ఆన్‌లైన్ స్టోర్‌లో కొన్న పిల్లల సినిమా వేశాను. పాటలు వినిపిస్తున్నాయి, కింద సబ్‌టైటిల్స్ కూడా వరసగా పడుతున్నాయి, బొమ్మ ఉండాల్సిన చోట మాత్రం నలుపు. కస్టమర్ కేర్ వాళ్లు ముందు యాప్ క్యాష్, అంటే అది దాచుకున్న తాత్కాలిక ఫైళ్లు, క్లియర్ చేయమన్నారు, తర్వాత యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. విసుగొచ్చి అదే కేబుల్‌తో మా చెల్లి పెళ్లి వీడియో పెడితే నిక్షేపంలా ఆడింది. మీరూ ముందు ఇలా సొంత వీడియో ఏదైనా పెట్టి చూడండి. అది ఆడితే మీ వస్తువుల్లో ఏదీ పాడవలేదన్నమాట.

అసలు సంగతి, కాపీ చేసుకోకుండా సినిమాకి వేసిన తాళం ల్యాప్‌టాప్ దగ్గర ఆగదు, కేబుల్ అవతలున్న తెర దాకా వెళ్తుంది. దీని పేరు హెచ్‌డీసీపీ, ఇంటెల్ తయారుచేసింది. బొమ్మ పంపే ముందు ల్యాప్‌టాప్ అవతలి పరికరాన్ని గుర్తింపు అడుగుతుంది. మధ్యలో స్ప్లిటర్ (ఒకే బొమ్మని రెండు మూడు తెరలకు పంచే డబ్బా) ఉంటే అదీ చూపించాలి. ఏ ఒక్కటి చూపించలేకపోయినా బొమ్మ ఆగిపోతుంది. శుభలేఖ పంపిన ఇంటివాళ్లే గుమ్మంలో నిలబెట్టి ఆధార్ కార్డు అడిగినట్టు ఉంటుంది. 4కే సినిమాలకైతే సాధారణంగా హెచ్‌డీసీపీ 2.2 కావాలి, పాత ప్రొజెక్టర్లలో అది ఉండదు. మొదట్లో వచ్చిన కొన్ని 4కే టీవీల్లో కూడా అన్ని పోర్టులకూ ఉండదు, కాబట్టి టీవీ అయితే పోర్టు మార్చి చూడండి. మీ ప్రొజెక్టర్‌కి మాత్రం స్ప్లిటర్లు, కన్వర్టర్లు తీసేసి నేరుగా కలపండి. సినిమాని 4కే నుంచి దించి పెట్టండి. కొన్ని స్టోర్లు తక్కువ క్వాలిటీకి ఇంత పట్టింపు పెట్టవు. నాకు అలాగే వచ్చింది, మసకగా.

ఫోన్లలోనూ ఇదే గోల, పేరే వేరు. అక్కడి తాళం గూగుల్ వారి వైడ్‌వైన్. అందులో మీ ఫోన్‌కి గట్టి భద్రత స్థాయి ఎల్1 ఉంటే హెచ్‌డీ, కింది స్థాయి ఎల్3 ఉంటే చాలా యాప్‌లు తక్కువ క్వాలిటీ 480పీ దగ్గరే ఆపేస్తాయి. మా ఆఫీసులో ఒకతను ఫోన్‌లో వేరే సాఫ్ట్‌వేర్ వేసుకుందామని బూట్‌లోడర్ అన్‌లాక్ చేశాక ఎల్1 పోయింది. ప్రీమియం ప్లాన్ డబ్బు మాత్రం నెలనెలా కట్ అవుతూనే ఉంది.

డీవీడీల కాలమే నయం అనేవాళ్లకి రీజియన్ కోడ్‌లు, అంటే ఒక ప్రాంతపు డిస్కు ఇంకో ప్రాంతపు ప్లేయర్‌లో ఆడకుండా పెట్టిన నంబర్లు, గుర్తులేవేమో. అమెరికాది రీజియన్ 1, మనది 5. బావగారు అక్కడినుంచి తెచ్చిన ఒరిజినల్ డిస్కులు మా ప్లేయర్‌లో ఒక్కటీ ఆడలేదు. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్ మార్చుకోవచ్చు, అదీ ఐదుసార్లే, ఆ తర్వాత చివరిదే ఖాయం.

ఒళ్లు మండేదేమిటంటే ఇదంతా దొంగని ఆపుతోందా అంటే లేదు. మొదటితరం హెచ్‌డీసీపీ మాస్టర్ కీ 2010లోనే బయటపడింది, ఇంటెలే ఒప్పుకుంది. పైరసీ కాపీ ఎక్కడైనా ఆడుతుంది, తాళం పడేది రసీదు ఉన్నవాడికే.

తాళం తీసే సాఫ్ట్‌వేర్ వాడొచ్చా అని రెండో ప్రశ్న ఎలాగూ వస్తుంది. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఉద్దేశం అన్న మాట అందులో ఉంది కాబట్టి ఇంట్లో చూసుకోవడానికి తీసినవాడి సంగతి వేరని వాదించొచ్చు. అమెరికాలో ఉన్నవాళ్లు మాత్రం ఆ ధీమా పెట్టుకోవద్దు, అక్కడి 1998 చట్టం ఇంకా గట్టిది. స్టోర్ నిబంధనలు ఎలాగూ ఒప్పుకోవు, అకౌంట్ ఆపేస్తే కొన్నవన్నీ పోతాయి.

అంతకన్నా ముందు రీఫండ్ అడగండి. ప్రొజెక్టర్ మోడల్ నంబరు, తెర మీద వచ్చిన ఎర్రర్ కోడ్ ఫొటో జతచేసి రాస్తే క్యాష్ క్లియర్ పాట మానేసి విషయానికొస్తారు. నాకు డబ్బు తిరిగొచ్చింది, కాకపోతే బ్యాంకుకి కాదు, వాళ్ల వాలెట్‌లోకే.