డెలివరీ పనిలోకి కొత్తగా వస్తున్నారా? ఇంటికి వెళ్లే సమయం ముందే నిర్ణయించుకోండి

హైదరాబాద్ మూసాపేటలో గది తీసుకున్నారని, వచ్చే సోమవారం నుంచి ఫుడ్ డెలివరీ మొదలుపెడుతున్నారని రాశారు. పొద్దున 9 నుంచి రాత్రి 12 దాకా చేస్తే అప్పు త్వరగా తీరుతుందా, ఒళ్లు తట్టుకుంటుందా అని అడిగారు. నేను 2022 ఆగస్టులో సరిగ్గా ఇదే ఆలోచనతో దిగాను. ఇప్పటికీ కూకట్‌పల్లి, కొండాపూర్, మాదాపూర్ వైపే బండి నడుపుతున్నాను. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను, అన్ని గంటలు వద్దు. ఒళ్లు తట్టుకోదు, అప్పు కూడా మీరనుకున్నంత త్వరగా తీరదు.

మొదటి రెండు వారాలు నాకు అలసటే తెలియలేదు. ఆర్డరు వచ్చిన ప్రతిసారీ ఫోను మోగుతుంటే సంబరంగా ఉండేది. మూడో వారంలో ఒక రాత్రి పదకొండున్నర దాటింది, సన్నగా వాన పడుతోంది. ఇంకో రెండు ఆర్డర్లు చేస్తే ఆ రోజు లక్ష్యం పూర్తయి 250 రూపాయల ఇన్సెంటివ్, అంటే అదనపు డబ్బు, వస్తుంది. పొద్దుటి నుంచీ బండి మీదే ఉన్నాను. హైటెక్ సిటీ దగ్గర సర్వీసు రోడ్డు మలుపులో ఒక్క క్షణం కళ్లు మూతపడ్డాయి. తెరిచేసరికి నేను రోడ్డు మీద ఉన్నాను, బండి నా కాలి మీద ఉంది. బ్యాగులోంచి మిర్చి కా సాలన్ కారి మోచేతి మీదుగా వెచ్చగా పారుతుంటే రక్తమనుకుని వణికిపోయాను. ఒక ఆటో డ్రైవరు ఆగి, బండి లేపి, నన్ను డివైడర్ మీద కూర్చోబెట్టి నీళ్లు తాగించాడు. ఆర్డరు ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవడానికి కస్టమరు చేస్తున్న ఫోను అంతసేపూ నా జేబులో మోగుతూనే ఉంది. మోకాలికి కట్టు కట్టారు. ఆ 250 రూపాయల కోసం పది రోజుల సంపాదన పోయింది.

కదలలేక ఇంట్లో ఉన్న ఆ పది రోజుల్లో యాప్‌లోని పాత ఆర్డర్లన్నీ తీసి, ఒక నోటుపుస్తకంలో ఏ గంటకు ఎంత వచ్చిందో రాసుకుంటూ పోయాను. నాకు కళ్లు తెరిపించింది ఆ పుస్తకమే. 12 గంటలు తిరిగిన ఒక మామూలు రోజున వచ్చింది 980 రూపాయలు. తిరిగింది 130 కిలోమీటర్లు. అప్పుడు లీటరు పెట్రోలు 109 రూపాయల 66 పైసలు, అంటే పెట్రోలుకే 315 పోయింది. బయట టిఫిను, టీలు కలిపి 115. చేతిలో మిగిలింది 550, గంటకు 46 రూపాయలు కూడా కాదు. మధ్యాహ్నం 3 నుంచి సాయంత్రం 7 దాకా నాలుగు గంటల్లో వచ్చినవి రెండు మూడు ఆర్డర్లే. ఆ సమయమంతా హోటళ్ల ముందు ఎండలో నిలబడి, ఆర్డరు కోసం అటూ ఇటూ తిరిగి పెట్రోలు తగలేశాను.

కట్టు విప్పాక పద్ధతి మార్చాను. మధ్యాహ్నం 12 నుంచి 3, రాత్రి 7 నుంచి 11, అంతే. మధ్యలో ఇంటికి వచ్చి అన్నం తిని గంటన్నర నిద్రపోతాను. అలా చేసిన మొదటి వారంలో ఒక రోజు 820 వచ్చింది, పెట్రోలు 205, టీ ఖర్చు 15 పోను 600 మిగిలింది. ఏడు గంటల పనికి! శని, ఆదివారాల్లో ఆఫీసులు మూసి ఉంటాయి కాబట్టి మాదాపూర్ వైపు వెళ్లకుండా ఇళ్లు ఎక్కువగా ఉండే నిజాంపేట, మియాపూర్ వైపు ఉంటాను. రంజాన్ నెలలో మాత్రం సాయంత్రం 5 నుంచే హలీం ఆర్డర్లు మొదలవుతాయి, ఆ నెలలో నిద్ర ఇంకాస్త ముందుకు జరుపుకోవాలి. మీ ప్రాంతపు లెక్క వేరుగా ఉండవచ్చు. నా గంటలను గుడ్డిగా తీసుకోవద్దు, పుస్తకం పెట్టుకోండి.

చివరి గంటలో దూరం ఆర్డరు తీసుకోకండి. రాత్రి 11కి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో సంచీ ఖాళీ అయితే మూసాపేటకు దాదాపు 15 కిలోమీటర్లు ఊరికే రావాలి. ఆ దారిలోనే నిద్ర ముంచుకొస్తుంది. పదిన్నర నుంచే ఇంటివైపు జరుగుతూ రండి.

ఇంకొక మాట, ఇది ఎవరూ చెప్పరు. మూత్రానికి ఎక్కడికి వెళ్లాలో తెలియక కొత్తవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. నేనూ మానేశాను. ఏప్రిల్ ఎండల్లో మూత్రంలో మంట పుట్టి రెండు రోజులు లేవలేకపోయాను. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి, తాగునీరు, టైర్లకు గాలి ఉచితంగా ఇవ్వాలి. అడగడానికి సిగ్గుపడకండి. మీరు తిరిగే దారిలో ఏ బంకులో శుభ్రంగా ఉంటుందో మొదటి వారంలోనే చూసిపెట్టుకోండి. నేను సీసాలో ఉప్పు వేసిన పలుచని మజ్జిగ పెట్టుకుంటాను, ఎండలో టీ కన్నా అదే నిలబెడుతుంది. లిఫ్టు లేని నాలుగో అంతస్తు ఆర్డరుకు పరుగున ఎక్కవద్దు. ఆదా అయ్యేది అర నిమిషం, పోయేది సాయంత్రానికి మోకాళ్లు.

బండి ఆయిల్ మార్పించడం, బ్రేకులు చూపించడం నెలకోసారి తప్పదు, ఆ డబ్బు రోజూ కొంత పక్కన పెట్టండి. పని మొదలుపెట్టక ముందే అసంఘటిత కార్మికుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో ఆధార్‌తో పేరు నమోదు చేసుకోండి, రుసుము లేదు. మన తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో గిగ్ కార్మికులకు, అంటే మనలా యాప్‌ల ద్వారా పనిచేసేవాళ్లకు, 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించింది. దాని వివరాలు ఇంట్లోవాళ్లకు కూడా తెలిసి ఉండాలి. నేను పడ్డ రాత్రి మా ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు.

సోమవారం ఏడు గంటలతోనే మొదలుపెట్టండి. ఇన్సెంటివ్‌కు ఇంకా ఎన్ని ఆర్డర్లు మిగిలినా సరే, 11 కాగానే యాప్ ఆపేయండి. వారం గడిచాక మీ పుస్తకంలోని అంకెలు రాయండి, ఏ గంటలు వదిలేయాలో కలిసి చూద్దాం.