పాత ఫైబర్‌గ్లాస్ బోటును ఔట్‌బోర్డ్‌కి (వెనక బయట తగిలించే ఇంజిన్‌కి) మార్చేటప్పుడు ట్రాన్సమ్‌కి (ఇంజిన్ బిగించే వెనక గోడకి) ఏం చేయాలి?

ముందు ట్రాన్సమ్ లోపలి ప్లైవుడ్ చూడండి. లోపలివైపు, అడుగు భాగాన, బయటి పొర దాకా పోకుండా 6 మి.మీ. డ్రిల్‌తో రెండు మూడు చోట్ల తొలవండి. పొట్టు నల్లగా, తడిగా వస్తే కుళ్లినట్టే. రంధ్రాల్లో ఎపాక్సీ (గట్టిపడే రెజిన్ జిగురు) పోస్తే సరిపోతుందన్నది భ్రమ, తడి చెక్కలోకి అది ఇంకదు. కుళ్లిందంతా తీసేసి, 18 మి.మీ. మెరైన్ ప్లై (పడవలకు వాడే ప్లైవుడ్) రెండు పొరలు చిక్కటి ఎపాక్సీతో అతికించాలి. పాత స్టెర్న్‌డ్రైవ్ (లోపలి ఇంజిన్ నుంచి ట్రాన్సమ్ గుండా బయటికి వచ్చే డ్రైవ్) రంధ్రం ఉంటే, చుట్టూ ఫైబర్‌గ్లాస్‌ని దాని మందానికి 12 రెట్ల వెడల్పున ఏటవాలుగా అరగదీసి, బయాక్సియల్ (రెండు దిశల్లో పోగులుండే) ఫైబర్‌గ్లాస్ గుడ్డతో మూయండి. లాంగ్ షాఫ్ట్ (పొడవు కాలున్న) ఔట్‌బోర్డ్‌కి ట్రాన్సమ్ ఎత్తు 20 అంగుళాలు.

మళ్లీ కుళ్లు మొదలయ్యేది బోల్టు రంధ్రాల దగ్గరే. వాటిని పెద్దవిగా తొలిచి, ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక అసలు సైజులో తొలవండి. ఉత్త సీలెంట్ (నీరు చొరకుండా పూసే పేస్టు) చాలదు. బరువు వెనక్కి జరుగుతుంది కనుక బ్యాటరీని ముందుకు మార్చండి.