ఒడుగును పెళ్ళిదాకా వాయిదా వేయకండి

ఒడుగు, ఉపనయనం ఒకటేనా అని, తొమ్మిదేళ్ల మీ అబ్బాయికి పెళ్ళి సమయంలో చేస్తే సరిపోతుందన్న పెద్దల మాట నిజమేనా అని మీరు అడిగారు. రెండూ ఒకటే, మా ఇళ్లలో నోటితో ఒడుగు అంటారు, శుభలేఖలో ఉపనయనం అని వేయిస్తారు. పిల్లవాణ్ణి చదువు నిమిత్తం గురువు చెంతకు చేర్చే కార్యానికి పెళ్ళినాటి వీలు ఎలా సరిపోతుందో మాత్రం నాకు బోధపడదు.

మా మేనల్లుడికి అలాగే చేశారు. ఉద్యోగరీత్యా విదేశంలో ఉన్నవాడు పది రోజుల సెలవు మీద వస్తే, పెళ్ళికి ముందు రోజు ఉదయం కల్యాణ మండపంలోనే ఒడుగు పెట్టారు. రిసెప్షన్ ఫొటోలు పాడవుతాయని వపనం, అంటే తల గొరిగించడం, బదులు చెవి పక్కన నాలుగు వెంట్రుకలు కత్తిరించి అయిందనిపించారు. బ్రహ్మోపదేశం వేళ పట్టుపంచె కప్పుకొని మా బావగారు కొడుకు చెవిలో గాయత్రి చెబుతుండగా, వీడియో తీసే కుర్రవాడు పంచె అంచు పైకెత్తి, "ముఖాలు కనబడటం లేదండీ, ఇంకొక్కసారి చెప్పండి" అన్నాడు. అంతకంటే విచిత్రం, బావగారు నిజంగానే మళ్ళీ చెప్పారు. "భవతి భిక్షాం దేహి" అన్న వటువు (ఒడుగు పెళ్ళికొడుకు) పళ్లెంలో బియ్యం కంటే కవర్లే ఎక్కువ పడ్డాయి. ఆ కవర్లు ఎవరెవరు ఇచ్చారో రాసుకోవడానికి ఒక మనిషిని కూర్చోబెట్టారు గానీ, ఒడుగైనవాడు రోజూ సంధ్యవేళల్లో చేయాల్సిన సంధ్యావందనం నేర్పడానికి ఎవరినీ కుదుర్చుకోలేదు.

మరునాడు ఉదయమే స్నాతకం చేసి, గొడుగు, కర్ర, పావుకోళ్లు ఇచ్చి కాశీయాత్రకు బయలుదేరదీశారు. స్నాతకమంటే గురుకులంలో విద్య ముగించుకున్న బ్రహ్మచారి చేసే స్నానం. విశ్వవిద్యాలయాలు పట్టాలిచ్చే స్నాతకోత్సవానికి పేరు వచ్చింది అక్కడి నుంచే. నిన్న ఉదయం చేరినవాడు నేటి ఉదయానికి ఏ విద్య పూర్తి చేశాడని ఆ స్నానమో పురోహితుణ్ణి అడగాలనిపించింది కానీ, ఆయనకు పదకొండింటికి ఇంకో ముహూర్తం ఉంది.

మన తెలుగు బ్రాహ్మణ కుటుంబాల్లో ఎక్కువమంది పాటించే ఆపస్తంబ సూత్రం బ్రాహ్మణ బాలుడికి గర్భాష్టమం, అంటే కడుపున పడ్డ నాటి నుంచి లెక్కించిన ఎనిమిదో ఏడు, క్షత్రియుడికి 11, వైశ్యుడికి 12 అని చెబుతుంది. స్మృతులు వరుసగా 16, 22, 24 ఏళ్ల వరకు గడువిచ్చి, అది దాటితే ప్రాయశ్చిత్తం విధించాయి. పెళ్ళి ముందు చేసే ఒడుగుల్లో ఆ ప్రాయశ్చిత్తాన్ని దక్షిణతో సరిపెడుతున్నారు. వయసు లెక్క ఊరికే పెట్టింది కాదు: తొమ్మిదేళ్లవాడికి స్వరంతో చెప్పిన మంత్రం నెల తిరక్కుండా నోటికి వస్తుంది, ముప్పై ఏళ్లవాడు కాగితం చూసి చదువుతాడు.

కనుక మీరు ఆగనక్కరలేదు. ఉపనయన ముహూర్తాలు మాఘం నుంచి జ్యేష్ఠం వరకు ఉంటాయి, వేసవి సెలవులు ఆ లోపలే వస్తాయి. సెలవుల్లో రోజూ పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని సంధ్యావందనం చేయించేవారు తాతగారో, మీరో, ఊళ్లో వేదం చదువుకున్న ఘనపాఠిగారో ముందు తేల్చుకొని, ఆ తరువాత మండపం సంగతి చూడండి.