ముల్లు ఎప్పుడు లేస్తోంది?

ప్రశ్న: నా దగ్గర ముప్పై ఏళ్లు దాటిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఉంది. నాలుగు సిలిండర్లు, ముందు రేడియేటరు, కరెంటు ఫ్యాను. ట్రాఫిక్‌లో ఎంతసేపు నిలబడినా టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంటుంది. హైవే ఎక్కి గంటకి 100 మీద ఇరవై నిమిషాలు పోతే మాత్రం మెల్లగా ముప్పాతిక దాకా పాకుతుంది. 70కి తగ్గిస్తే దిగుతుంది. థర్మోస్టాట్ రెండుసార్లు, వాటర్ పంపు ఒకసారి మార్చాను. ఇప్పుడు మెకానిక్ థర్మోస్టాట్ పీకేసి నడిపేయమంటున్నాడు. పీకేయనా?
— డిక్కీలో ఎప్పుడూ నీళ్ల క్యానుతో తిరిగే పాఠకుడు

జవాబు: పీకొద్దండీ. థర్మోస్టాట్ అంటే ఇంజిన్ కాగాక కూలెంట్‌ని (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవాన్ని) రేడియేటరుకి వదిలే వాల్వు. చాలా ఇంజిన్లలో దాని అడుగున చిన్న పళ్లెం ఒకటి ఉంటుంది. లోపలి మైనం కరిగి వాల్వు తెరుచుకునేకొద్దీ ఆ పళ్లెం బైపాస్ దారిని మూస్తూ పోతుంది. మొత్తం పీకేస్తే బైపాస్ బార్లా తెరుచుకుంటుంది. అప్పుడు కొంత కూలెంట్ రేడియేటరు మొహమే చూడకుండా మళ్లీ ఇంజిన్‌లోకి వచ్చేస్తుంది. చల్లబడుతుందని పీకితే ఇంకా కాగుతుందన్నమాట.

మీకు కావలసిన జవాబులో సగం మీ ఉత్తరంలోనే ఉంది. నిలబడితే చల్లగా, పరుగెడితే వేడిగా అన్నారు. ఇదే తిరగేసి రాసుంటే ఫ్యాను, దాని స్విచ్చు, రిలే చూడమని రెండు ముక్కల్లో తేల్చేసేవాణ్ని. మీ ఫ్యాను పని చేస్తోంది. హైవే మీద గాలికి కొదవ లేదు, కానీ ఇంజిన్ పుట్టించే వేడి ట్రాఫిక్‌లో కంటే ఎన్నో రెట్లు. అంత వేడిని మోయడానికి కూలెంట్ చాలినంత తిరగడం లేదు, లేదా తిరిగినా రేడియేటరు దగ్గర గాలి దాన్ని అందుకోవడం లేదు. ఈ రెండిట్లో ఏదో తేలకుండా ఇంకో సామాను కొనకండి.

అసలు ముల్లు నిజం చెబుతోందా అనేది ముందు చూడాలి. ఓసారి నా కారులో హెడ్‌లైట్లు వేసినప్పుడల్లా ముల్లు లేచేది. రెండు వారాలు రేడియేటరుతో కుస్తీ పట్టాను. చివరికి చూస్తే ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఎర్తు తీగ చిలుము పట్టి ఉంది. కొన్ని పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో మీటర్లకి 10 వోల్టులు ఇచ్చే చిన్న స్టెబిలైజర్ ఉంటుంది. అది పాడైతే పెట్రోలు ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ కలిసే ఎక్కువ చూపిస్తాయి. మీ ముల్లు వేగాన్ని బట్టి ఎక్కి దిగుతోంది కాబట్టి అబద్ధం కాకపోవచ్చు, అయినా కొలిచి చూడటం మంచిది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కొలిస్తే మెరిసే అల్యూమినియం మీద అది తక్కువ చూపిస్తుంది. అక్కడ నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి టేపు మీద కొలవండి.

ఇప్పుడు అసలు అనుమానితుడు, రేడియేటరు కింది హోస్ పైపు. పంపు కూలెంట్‌ని పీల్చుకునేది దీన్లోంచే. చాలా వాటిలో పైపు నొక్కుకుపోకుండా లోపల స్ప్రింగు చుట్ట ఉంటుంది. ఏళ్లు గడిచాక అది తుప్పు పట్టి ముక్కలవుతుంది, లేదా హోస్ మార్చినవాడు పాత స్ప్రింగుని పాతదాంతోనే పారేస్తాడు. నా కారులో పైపు చల్లగా ఉన్నప్పుడు నొక్కితే గట్టిగా, కొత్తదానిలాగే ఉండేది. బాగా తిరిగొచ్చాక బానెట్ ఎత్తి, మా తమ్ముణ్ని యాక్సిలరేటర్ నొక్కమన్నాను. 3,500 ఆర్‌పీఎం దాటగానే పైపు, పీల్చిన బుగ్గల్లా లోపలికి పోయింది. వదిలితే మళ్లీ ఉబ్బింది. ఐడ్లింగ్‌లో వందసార్లు చూసినా ఇది కనపడదు. మీరూ ఇలాగే చూడండి, చేతులు మాత్రం ఫ్యానుకి దూరంగా పెట్టుకోండి. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపాక కూడా అది తిరగడం మొదలెడుతుంది. వేడి మీద రేడియేటరు క్యాప్ జోలికి అసలు పోవద్దు.

హోస్ బాగానే ఉంటే గాలి దారి చూడండి. స్పోర్ట్స్ కారుకి మూతి చిన్నది. చాలావాటికి బంపరు కిందనుంచే గాలి అందుతుంది. ఇంజిన్ కింద ఉండే ప్లాస్టిక్ పళ్లెం, రేడియేటరు చుట్టూ ఉండే స్పాంజి పట్టీలు, ముందు కింద వేలాడే చిన్న రేకు అందుకే పెట్టారు. ఆయిలు మార్చేటప్పుడు అడ్డమని ఎవరో ఒకరు విప్పి మూల పడేస్తారు. ఊళ్లో తేడా తెలియదు, ఫ్యాను లాగేస్తుంది. వేగం మీద మాత్రం గాలి రేడియేటరు రేకుల మధ్యకి దూరకుండా పక్కనుంచి జారిపోతుంది. 1901 మెర్సిడెస్ 35 హెచ్‌పీ కారుకి ఇంజినీరు విల్‌హెల్మ్ మేబాక్ 8,070 సన్న గొట్టాలతో తేనెపట్టు రేడియేటరు చేసిన రోజుల్నించీ ఇదే బాధ: గాలికి సులువైన దారి దొరికితే కష్టమైన దారిలో పోదు. ఏసీ ఉంటే కండెన్సరుకీ (రేడియేటరు ముందుండే ఏసీ జాలీకీ) రేడియేటరుకీ మధ్య టార్చి వేసి చూడండి, పురుగులూ దుమ్మూ కలిసి అక్కడ దుప్పటిలా పేరుకుపోతాయి.

ఏది తప్పో తేల్చడానికి తీగ కొనతో వేడి కొలిచే రెండు తీగల థర్మోకపుల్ మీటరు ఒకటి సంపాదించండి. ఒక తీగ కొనని రేడియేటరు పై హోస్‌కి, రెండోదాన్ని కింది హోస్‌కి టేపుతో గట్టిగా చుట్టి, మీటరు పక్క సీట్లో వాళ్ల చేతికివ్వండి. హైవే మీద ముల్లు లేచినప్పుడు రెండిటి మధ్య తేడా పెద్దగా ఉంటే కూలెంట్ నెమ్మదిగా పారుతోందని అర్థం. అప్పుడు హోసు, మడ్డి పట్టిన గొట్టాలు చూడాలి. తేడా మరీ తక్కువగా ఉంటే పారుతోంది గానీ వేడి వదలట్లేదు. అది గాలి సంగతి, లేదా రేకులు అరిగిపోయిన రేడియేటరు సంగతి.

హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ పైనుండే హెడ్‌కీ మధ్య సీలు) పోయిందన్న అనుమానం అందరికీ మొదట వస్తుంది, నాకు చివర్లో వస్తుంది. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పై హోస్ రాయిలా గట్టిపడితేనో, కూలెంట్ ఊరికే తగ్గిపోతుంటేనో ఆ మాట ఎత్తండి. ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి ఉన్నా, అంటే స్పార్కు ఆలస్యంగా పడుతున్నా, ఇంజిన్ ఇలాగే కాగుతుంది, దాన్నీ ఓ చూపు చూడండి.

కంగారు మాత్రం వద్దు. నీళ్లూ గ్లైకాలూ సగం సగం కలిపిన కూలెంట్, 1 బార్ ఒత్తిడి పట్టి ఉంచే క్యాప్ బిగువుగా ఉన్నంతకాలం 125 డిగ్రీలు దాటితే గానీ మరగదు. ఆ రెండు హోసుల అంకెలూ, ఎంత వేగం మీద తీశారో కూడా రాసి పంపండి.