డయాలసిస్‌లో చెయ్యి చల్లబడుతుంటే డాప్లర్ అవసరమా?

అమ్మగారికి ఎడమ మోచేతి దగ్గర ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ధమనిని సిరకి కలిపిన చోటు) వేసి రెండు నెలలైంది, మెషీన్ మీద ఉన్నంతసేపూ వేళ్లు చల్లబడి తిమ్మిరెక్కుతున్నాయి, డాప్లర్ (రక్తం ఎటు, ఎంత పోతోందో చూపే స్కాన్) రాశారు, తీయించాలా అని అడిగారు కదా. తీయించండి. కాకపోతే వేళ్ల కోసం అని చెప్పి మరీ తీయించండి. మేం అక్కడే దెబ్బతిన్నాం.

మాది నెల్లూరు. నాన్న డయాలసిస్ కోసం చెన్నై పెరంబూరులో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఆయనకి షుగర్ కూడా ఉంది. మెషీన్ ఎక్కిన గంటకే ఎడమ చెయ్యి దుప్పట్లో దూర్చేసేవారు. యూనిట్‌లో అడిగితే "ఏసీ కదా సార్" అన్నారు. మరి కుడి చెయ్యి వెచ్చగానే ఉందే అని అప్పుడు నాకూ తట్టలేదు.

మొదటి స్కాన్ ఫిస్టులా వరకే చూశారు. అందులో రక్తం ఫ్లో నిమిషానికి 1,800 మిల్లీలీటర్లు. 600 ఉంటే చాలంటారు, మనకి మూడింతలుందని సంబరపడ్డాం! తీరా చూస్తే బాధంతా దానితోనే. వేళ్లకి వెళ్లాల్సిన రక్తాన్ని ఫిస్టులా లాగేసుకుంటోంది. స్టీల్ సిండ్రోమ్ అంటారు, దొంగతనం అన్న అర్థంలోనే.

రెండోసారి వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్ పంపారు. స్కాన్ చేసే డాక్టరమ్మ మణికట్టు మీద ప్రోబ్ పెట్టారు. తెర మీద రక్తం వేళ్ల వైపు కాకుండా వెనక్కి మోచేతి వైపు పోతోంది. బొటనవేలితో ఫిస్టులాని కొద్ది క్షణాలు నొక్కారు. అంతదాకా గొణుగుతున్న స్కాన్ స్పీకరు టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది, రక్తం వేళ్ల వైపు మళ్లిందన్నమాట. వదిలారు, మళ్లీ గొణుగుడే. "ఇంకాసేపు నొక్కమ్మా, హాయిగా ఉంది" అన్నారు నాన్న. (ఇది ఇంట్లో చెయ్యొద్దు, ఫిస్టులాలో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది.)

రక్తం వెనక్కి పోవడం ఒక్కటే చూసి ఆపరేషన్ అనరు. ఏ బాధా లేనివాళ్లలోనూ అలా కనబడుతుందట. అందుకే వేలికి చిన్న పట్టీ చుట్టి ప్రెషర్ చూశారు, పైన ధమని ఎక్కడైనా సన్నబడిందేమోనని భుజం దాకా వెతికారు. అలా ఉంటే బెలూన్‌తో వెడల్పు చేస్తారు. నాన్నకి అది లేదు, ఫ్లో ఎక్కువవడమే. బ్యాండింగ్ చేశారు, అంటే ఫిస్టులా మొదట్లో కాస్త బిగించడం. అదీ థియేటర్‌లో డాప్లర్ చూసుకుంటూనే. మరీ బిగిస్తే ఫిస్టులాయే మూసుకుపోతుంది మరి.

చీటీ మీద "చెయ్యి చల్లబడుతోంది, వేళ్ల దాకా చూడాలి, ఫిస్టులా నొక్కి, వదిలి చూడాలి" అని డాక్టరుతో రాయించుకోండి. వేలి కొన నల్లబడినా, పుండు పడినా, చేతిలో పట్టు తగ్గినా స్కాన్ డేటు కోసం ఆగకండి. ఆ రోజే సర్జన్ దగ్గరికి తీసుకెళ్లండి.