షరతుల కాగితం ముందు చదువు

చిన్నా,

నీ మెయిల్ రెండుసార్లు చదివాను. కంపెనీల విలీనాల పని వదిలేసి కరెంటు, రోడ్లు, పర్యావరణం కేసులు చూసే టీమ్‌లోకి మారానని రాశావు. చాలా సంతోషమైంది. ఈ పనిలో ముప్పై ఏళ్లు దాటాయి నాకు. అందుకే కాబోలు, "పెద్దమ్మా, ముందు ఏ చట్టం చదవమంటావు?" అని అడిగావు. చట్టం ఎలాగూ చదువుతావు, ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు. నేనైతే ముందు షరతుల కాగితం చదవమంటాను.

ఏ ప్రాజెక్టుకైనా అనుమతి ఉత్తర్వు ఒకటి వస్తుంది కదా. మొదటి పేజీలో "అనుమతి మంజూరు చేయడమైనది" అని ఉంటుంది. చాలామంది అక్కడిదాకా చదివి ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు. వెనక అనుబంధంలో నలభయ్యో యాభయ్యో షరతులు చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఆ ప్రాజెక్టు పాతికేళ్లపాటు ఎలా నడవాలో రాసి ఉండేది అక్కడ.

ఇది నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. అప్పటికి నేను ప్రాక్టీసు మొదలుపెట్టి ఆరేళ్లు. ఒక థర్మల్ ప్లాంటుకి బ్యాంకులు అప్పివ్వాలి. వాళ్ల తరఫున కాగితాలన్నీ చూసి రిపోర్టు ఇవ్వడం నా పని. నీటి అనుమతి ఉందా, ఉంది. పర్యావరణ అనుమతి ఉందా, ఉంది. కరెంటు కొనే ఒప్పందం ఉందా, ఉంది. మూడింటికీ ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టాను. నీటి అనుమతి వెనక పద్నాలుగో షరతులో, నదిలో ప్రవాహం ఫలానా మట్టం కంటే తగ్గితే పంపులు ఆపేయాలని ఉంది. కొనుగోలు ఒప్పందంలోనేమో ఏడాది పొడుగునా ఇంత కరెంటు ఇవ్వాలి, ఇవ్వకపోతే జరిమానా కట్టాలి అని ఉంది. విడివిడిగా చూస్తే రెండు కాగితాల్లోనూ తప్పు లేదు. పక్కపక్కన పెట్టి చదివితే మాత్రం, ఎండలు ముదిరిన నెలల్లో ఒకదాన్ని పాటిస్తే రెండోదాన్ని ఉల్లంఘించక తప్పదు. నేను పక్కపక్కన పెట్టలేదు.

ప్లాంటు మొదలయ్యాక నాలుగో ఏడు నదిలో నీళ్లు తగ్గాయి. పంపులు ఆపారు, జరిమానా పడింది, అప్పు వాయిదాలు ఆగాయి. అప్పుడు జరిగిన మీటింగులో మా సీనియర్ ఏమీ అనకుండా ఆ రెండు కాగితాలూ తెచ్చి బల్ల మీద నా ముందు పెట్టారు. నీటి అనుమతి మొదటి పేజీ మీద నా ఎర్ర టిక్కు అలాగే ఉంది. ఆయన కేకలేసి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్నేమో. ఆ టిక్కు మాత్రం ఇప్పటికీ కళ్ల ముందు కనిపిస్తుంది.

ఆ రోజు నుంచి ఏ ఫైలు వచ్చినా ముందు ఒక పట్టిక గీస్తాను. ప్రతి షరతుకీ నాలుగు గడులు. ఎవరు చేయాలి, ఎప్పటిలోగా చేయాలి, చేసినట్టు రుజువేమిటి, ఇది ఇంకే కాగితంతో ఢీకొంటుంది. మొదటి మూడూ ఓపికతో ఎవరైనా నింపుతారు. నాలుగో గడి నింపాలంటే ఫైలంతా తలలో ఉండాలి. లాయర్‌గా నీకు ఫీజు ఇచ్చేది ఆ నాలుగో గడికే.

ఇక లెక్కలు. లెక్కలు ఇంజనీర్లు చూసుకుంటారులే అని మన వృత్తిలో చాలామంది పేజీ తిప్పేస్తారు. నువ్వు అలా చేయకు. మెగావాట్ అంటే సామర్థ్యం. ఆ సామర్థ్యం ఒక గంట పాటు నడిస్తే వచ్చే కరెంటు ఒక మెగావాట్ అవర్. 100 మెగావాట్ల సోలార్ ప్లాంటు రోజంతా పూర్తిగా నడిస్తే 2,400 మెగావాట్ అవర్లు రావాలి. రాత్రి ఎండ ఉండదు, పగలు మబ్బు పడుతుంది. సామర్థ్యంలో 20 శాతం వినియోగం అనుకుంటే చేతికొచ్చేది 480. ఒప్పందంలో పూర్తి సామర్థ్యం లెక్కనీ, నిజంగా చేతికొచ్చే కరెంటునీ ఒకటే అనుకుంటే వచ్చే తేడా అయిదు రెట్లు. కాలుష్యం కేసుల్లో కూడా అంతే, అంకె ఒక్కటే చూస్తే సరిపోదు, అది ఎంతసేపటి సగటో చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో పీఎం 2.5 అనే సన్నటి ధూళికి, ఘనపు మీటరు గాలిలో, ఏడాది సగటు 5 మైక్రోగ్రాములు, 24 గంటల సగటు 15. ఒకే ఊరి గాలి ఒక కొలతలో పాసై ఇంకో కొలతలో ఫెయిలవుతుంది. అర్థం కాకపోతే ఇంజనీర్ పక్కన కూర్చుని అడుగు. సిగ్గుపడకుండా అడిగితే వాళ్లెంత ఓపిగ్గా చెబుతారో నువ్వే చూస్తావు.

ఒప్పందాల్లో నిర్వచనాల పేజీని ఎప్పుడూ దాటేయకు. ఇండోనేషియా 2010లో బొగ్గు ఎగుమతి ధరల నిబంధనలు మార్చింది. అక్కడి బొగ్గు చవకగా వస్తుందన్న లెక్కతో తక్కువ టారిఫ్‌కి, అంటే కరెంటు ధరకి, బిడ్ వేసిన కంపెనీలు భారత్‌లో ఇరుక్కుపోయాయి. ఇది ఫోర్స్ మెజూర్ (ఎవరి చేతుల్లోనూ లేని అడ్డంకి), కాదంటే చట్ట మార్పు, ఏదో ఒక దారిలో టారిఫ్ పెంచండి అని అడిగాయి. 2017 ఏప్రిల్‌లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఖర్చు పెరిగినంత మాత్రాన ఒప్పందం నెరవేర్చడం అసాధ్యం అయిపోదని చెప్పింది. ఆ ఒప్పందంలో చట్టం అంటే భారతదేశపు చట్టమేనని, పరాయి దేశం తన చట్టం మార్చుకుంటే ఇక్కడ చట్ట మార్పు కిందకి రాదని చెప్పింది. దేశంలోపల బొగ్గు సరఫరా విధానం మారిన మేరకు మాత్రం ఊరట దొరికింది. అంత పెద్ద వివాదం ఒక చిన్న మాటకి రాసుకున్న నిర్వచనం చుట్టూ తిరిగింది. రేపు నువ్వు ఒప్పందం రాస్తున్నప్పుడు "చట్టం" అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగు. ఎవరి చట్టం? పన్నులు వస్తాయా? రెగ్యులేటర్ ఉత్తర్వు వస్తుందా? కోర్టు పాత చట్టానికి కొత్త అర్థం చెబితే?

నోటీసు గడువుల గురించి ఎక్కువ రాయను గానీ ఒక్కటి గుర్తుంచుకో. నిర్మాణ ఒప్పందాలకి ప్రపంచమంతా వాడే ఫిడిక్ ఎర్ర పుస్తకం 1999 కూర్పులో, క్లెయిమ్‌కి కారణమైన సంగతి కాంట్రాక్టరుకి తెలిసిన రోజు నుంచి, లేదా తెలిసి ఉండాల్సిన రోజు నుంచి, 28 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే గడువు పొడిగింపూ లేదు, అదనపు డబ్బూ లేదు. క్లయింట్లు నోటీసు ఆపేది ఎక్కువగా మొహమాటం కొద్దీ. "ఇప్పుడే నోటీసంటే సంబంధాలు చెడతాయి మేడమ్" అంటారు. మర్యాదగా నాలుగు వాక్యాల్లో నోటీసు రాసి వాళ్ల చేతికివ్వు. చదివాక చాలామంది సంతకం పెడతారు.

పర్యావరణ నివేదికల మీద కేసులు ఎటు పోతాయో అని నీకు టెన్షన్‌గా ఉందని రాశావు. ఆ టెన్షన్ న్యాయమైనదే. బ్రిటన్ సుప్రీంకోర్టు 2024 జూన్‌లో ఫించ్ కేసులో, చమురు బావికి అనుమతి ఇచ్చేటప్పుడు ఆ చమురుని చివరికి కాల్చినప్పుడు వచ్చే ఉద్గారాల్ని కూడా అంచనా వేయాల్సిందేనంది. ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు. దాదాపు ఏడాదికి, 2025 మేలో, అమెరికా సుప్రీంకోర్టు సెవెన్ కౌంటీ కేసులో వేరే దారి పట్టింది. చమురు మోయడానికి యూటాలో వేయబోయే 88 మైళ్ల రైలు మార్గం అది. ఆ మార్గం వల్ల ఇంకెక్కడో పెరిగే తవ్వకాల్ని, శుద్ధిని రైల్వే బోర్డు లెక్కలోకి తీసుకోనక్కర్లేదంది. చట్టాలు వేరు, వాస్తవాలు వేరు. ఒక దేశపు తీర్పు తీసుకెళ్లి ఇంకో దేశపు కోర్టులో బల్ల గుద్ది చదివితే పని జరగదు. నాకైతే ఫించ్ తీర్పు తర్కమే సబబుగా తోస్తుంది. తవ్వేది కాల్చడానికే కదా. అయినా నీకు పనికొచ్చే పాఠం రెండింట్లోనూ ఒకటే ఉంది. అనుమతి ఇచ్చిన రోజున అధికారి ముందు ఏ కాగితాలున్నాయి, వేటిని పక్కన పెట్టారు, దానికి కారణం రాశారా, ఇవే ఆ కోర్టులు చూశాయి. ఆ రోజు రికార్డులో లేని వాదన కోర్టులో ఎంత గొప్పగా చెప్పినా గాలిలోనే ఉంటుంది. అందుకే నివేదిక డ్రాఫ్టు దశలో ఉండగానే నిన్ను పిలవమని క్లయింట్‌కి చెప్పు. నువ్వు ఎదుటి పక్షాన ఉంటే అభ్యంతరాల గడువు ముగియకముందే ప్రతి మాటా రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకో.

దీనికోసం స్థలం చూడాలి. ఫొటోలు చాలవు, నువ్వే వెళ్లాలి. ఒకసారి ఒక హైవే కేసులో నివేదిక నిండా "ఈ ప్రాంతానికి ముంపు చరిత్ర లేదు" అని రాశారు. పటాలూ జత చేశారు. అక్కడికి వెళ్తే ఒక బడి ఉంది. గోడకి తెల్ల సున్నం వేసి ఉంది, నా మోకాలి ఎత్తున గోడ పొడుగునా ఒక గోధుమరంగు గీత. మరక అనుకున్నాను. మూలగది తలుపు తీస్తే చెక్క బీరువా అడుగు అదే ఎత్తువరకు ఉబ్బి, పొరలు లేచి ఉంది. బడి రిజిస్టర్ అడిగాం. వరసగా మూడేళ్లు, వానలప్పుడు వారం పది రోజులు సెలవులు, పక్కన కారణం "నీరు చేరినందున". ఆ రిజిస్టర్ నకలు, గోడ ఫొటో, కొలత టేపుతో సహా, ప్రజాభిప్రాయ సేకరణలో దాఖలు చేశాం. కల్వర్టుల సంఖ్య పెరిగింది. రోడ్డు పడింది, బడి మునగలేదు. నా ప్రాక్టీసులో నాకు ఎక్కువ తృప్తినిచ్చిన కేసు ఇది, కోర్టు గడప తొక్కకుండానే ముగిసింది.

కంపెనీల పక్షమా, జనం పక్షమా అని కూడా అడిగావు. ఒకరి పని ఇంకొకరి పనికి అడ్డొచ్చే కాన్‌ఫ్లిక్ట్ రానంతవరకు, మొదటి అయిదారేళ్లు వీలైతే రెండూ చెయ్యి. జనం వైపు నిలబడ్డ లాయర్‌కి నివేదిక ఎక్కడ బోలుగా ఉందో తెలుస్తుంది. కంపెనీ వైపు కూర్చున్న లాయర్‌కి ఒక షరతు మారిస్తే ప్రాజెక్టు లెక్క ఎలా మారుతుందో తెలుస్తుంది. కరెంటు కావాలి, రోడ్లు కావాలి, తాగే నీళ్లూ కావాలి. ఇందులో ఒక్కటే పుణ్యకార్యమని నేననుకోను. ఏ వైపు ఉన్నా దాటకూడని గీత ఒకటుంది. నీటి నమూనాల్లో మూడు నెలల ఫలితాలు చెడ్డగా వచ్చాయని వాటిని వదిలేసి మిగతావి దాఖలు చేయమన్నాడు ఒక క్లయింట్. అన్నీ పెట్టి, కారణం వివరిద్దాం, సరిదిద్దే ప్లాను కూడా ఇద్దాం అన్నాను. ఒప్పుకోలేదు. వకాల్తా వెనక్కిచ్చేశాను. ఆ ఏడాది ఆఫీసు నడపడం కష్టమైంది. మళ్లీ అదే పరిస్థితి వస్తే అదే చేస్తాను.

నిపుణుల్ని ఎంచుకునేటప్పుడూ ఇలాగే ఉండు. ఉరుగ్వే నది పల్ప్ మిల్లుల కేసులో అర్జెంటీనా, ఉరుగ్వే రెండూ శాస్త్రవేత్తల్ని న్యాయవాదుల వరసలో కూర్చోబెట్టి మాట్లాడించాయి. వాళ్లని సాక్షులుగా పెట్టి ఉంటే ప్రశ్నించి తెలుసుకునే వీలుండేదని 2010 తీర్పులో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పింది. స్పెయిన్ సోలార్ సబ్సిడీల కోత మీద వచ్చిన ఐజర్ కేసు ఇంకా పెద్ద పాఠం. 2017లో పెట్టుబడిదారులకి 12.8 కోట్ల యూరోల పరిహారం ఇవ్వాలని ఆర్బిట్రేషన్ అవార్డు, అంటే మధ్యవర్తుల తీర్పు, వచ్చింది. 2020లో అది మొత్తం రద్దయింది. ఒక ఆర్బిట్రేటర్‌కీ, పెట్టుబడిదారుల తరఫున నష్టం లెక్కకట్టిన నిపుణులకీ ఉన్న పాత సంబంధం బయటపెట్టలేదన్నది కారణం. ముందే ఒక పేరాలో చెప్పి ఉంటే ఏమయ్యేదో! చెప్పాలా వద్దా అని సందేహం వచ్చిందంటే చెప్పేయడమే.

చివరగా ఒక మాట, ఇది కాస్త గట్టిగానే చెబుతున్నాను. నీ మెయిల్‌కి మీ క్లయింట్ ఒప్పందం డ్రాఫ్టు జత చేశావు, "పేర్లు తీసేశాను, ఒకసారి చూడు పెద్దమ్మా" అంటూ. నేను తెరవలేదు. నది పేరు, మెగావాట్లు, టెండర్ తేదీ ఉంటే చాలు, ఈ రంగంలో అది ఎవరి ప్రాజెక్టో ఇట్టే తెలిసిపోతుంది. ఎదుటి పార్టీ రేపు నా దగ్గరికే రావచ్చు కూడా. ఆ మెయిల్ నా దగ్గర తొలగించాను, ట్రాష్‌లోంచి కూడా. నువ్వు ఈ రోజే మీ సీనియర్ దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పు. నేను తెరవలేదని, తొలగించానని రాతపూర్వకంగా కావాలంటే వెంటనే పంపుతాను. చెప్పేశాక నాకు ఫోన్ చెయ్యి, రాత్రి ఎంత ఆలస్యమైనా మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ